విప్పవలసిన వేషం

ముఖానికి రంగు లేనప్పుడు గాలి ఇంత చల్లగా తగులుతుందని ఇస్తారికి ఊరికొక్కసారే గుర్తొస్తుంది, ఆ ఊరు వదిలే రోజున. పొద్దున్నే బావి దగ్గర కుంకుడు నురగతో రుద్ది రుద్ది కడిగాడు కదా, అయినా చెవుల వెనక పసుపు ఉండే ఉంటుంది, అది అంత తొందరగా పోదు, మూడు రోజులుగా ఆడవేషమే కదా మరి. చర్చిలో పాట మొదలుపెట్టారు. ఏం పాటో అతనికి తెలియదు. ఎంత పొడుగు పాటైతే అంత మంచిది, ఇంకో పది చరణాలుంటే అవీ పాడుకోండి నాయనా, నాకేమీ తొందర లేదు. పాట అయితే ప్రార్థన, ప్రార్థన అయితే జనం బయటికొస్తారు, జనంలో ఎలీషమ్మ వస్తుంది, ఆమె వస్తే ఈ వేపచెట్టు కింది బండ మీద నుంచి లేచి, ఆమె గడప ముందు నిలబడి ఒక్క మాట చెప్పాలి. మేడ్చల్‌లో మిగతా గడపలన్నీ పొద్దుటే తిరిగేశాడు. జోలె జొన్నలతో బరువెక్కి పక్కన కూర్చుంది. పక్కన వేషాల మూట. మూట మీద చెయ్యి వేసి కూర్చున్నాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. ఎవరు లాక్కుపోతారు దాన్ని? ఒక సవరం, రెండు చీరలు, గడ్డం, భూములు తనిఖీ చేసే గిర్దావరు టోపీ, సిద్దయ్య తలరుమాలు.

సిద్దయ్య సంగతి ఇప్పుడొద్దు. ఇప్పుడు ఆఖరి రోజు సంగతి. పగటి వేషగాడు ఊళ్ళో దిగి రోజుకో వేషం కట్టి తిరుగుతాడు, ఒకనాడు ఫకీరు, ఒకనాడు గిర్దావరు, ఒకనాడు సోది చెప్పే ఆమె, వేషంలో ఉన్నన్నాళ్ళూ చెయ్యి చాపకూడదు, ఎవరన్నా పెట్టింది తినొచ్చు తప్ప అడక్కూడదు. ఆఖరి రోజున మాత్రం సొంత ముఖంతో గడప గడపకూ వెళ్ళి, ఫలానా నాడు వచ్చిన ఫకీరును నేనే తల్లీ, గిర్దావరును నేనే అయ్యా అని ఒక్కొక్క వేషాన్నీ పేరు పెట్టి ఒప్పుకుని, అప్పుడు జోలె పట్టాలి. ఒక్క వేషం దాచినా తప్పే. విద్యలో ఈ ఒక్క విషయం దగ్గర నాయిన మహా మొండి. "ఇప్పి సూపెడితేనే ఇద్దె బిడ్డా, ఇప్పకుంటే దగా," అనేవాడు. వేషం వెయ్యడం ఎవడికైనా వస్తుందట, దొంగకూ వస్తుందట, విప్పడమే మనకూ దొంగకూ తేడా అట. నాయినా, నువ్వు ఎన్ని ఊళ్ళు తిరిగావు గాని ఇలాంటి గడప ముందు నిలబడ్డావా ఎప్పుడన్నా? నిలబడే ఉంటాడు. చెప్పలేదంతే.

చర్చి గంట కొట్టే యేసయ్య చీపురు పట్టుకుని ఇందాక ఇటే వచ్చాడు. వచ్చి, "ఎవలయ్యా నువ్వు? గీడ గూసున్నవేంది, ఎవలన్న గావాల్నా?" అన్నాడు. వారం కింద ఇదే యేసయ్య గిర్దావరు టోపీని చూసి చీపురు కింద పడేసి సలాం కొట్టాడు. అడక్కపోయినా చర్చి వెనక జాగాకు సర్కారు కాగితం ఉన్నదని, తమది కబ్జా కాదని, కావాలంటే పాదిరయ్యను పిలుస్తానని వణుకుతూ చెప్పుకున్నాడు. "గా గిర్దావరును నేనే," అంటే మనిషి నోరు తెరిచి, "అరె నీ అక్కర గాల! మస్తు పరేషాన్ జేసినవు గదనే, రెండు దినాలు నాకు నిద్ర లేదు," అని పడీ పడీ నవ్వి, లోపలికి పోయి దోసెడు జొన్నలు తెచ్చి పోశాడు. బాగానే ఉంది. నవ్వినంతసేపూ అతను చూసింది మాత్రం గిర్దావరునే. నవ్వు అయిపోగానే కళ్ళు ఇస్తారి మీద నుంచి జారిపోయి చీపురు మీద పడ్డాయి. సొంత ముఖానికి ఎక్కడా పట్టు దొరకదు, చూసినవాళ్ళు చూసినట్టే మర్చిపోతారు. నలభై ఏళ్ళు పైబడ్డ ఈ ముఖాన్ని ఇదివరకు రోజూ చూసినవాడు ఒక్కడుండేవాడు.

వద్దనుకున్నా వస్తాడు సిద్దయ్య. సరే రా తమ్మీ, కూర్చో, పాట ఇంకా అవలేదు. నాయిన ఇద్దరికీ ఒకేసారి నేర్పాడు కదా, ముందు నడక, తర్వాత చేతులు, ఆఖరున గొంతు, ఆ వరస తప్పితే వేషం కాదు వెక్కిరింత అవుతుందని. సంతకు పోయేవాళ్ళ వెనక పంపేవాడు. ఒకరి వెనక ఊరి పొలిమేర దాకా అడుగులో అడుగేస్తూ పోతే, ఆ మనిషి ఇంట్లో తిట్లు తిని వచ్చాడో తిట్టి వచ్చాడో నీ మోకాళ్ళకు తెలుస్తుంది. చేతుల్ని ఏమీ చెయ్యకూడదు, వాటంతట అవి ఎక్కడికి పోతాయో చూడాలి. గొంతు ముందే పెట్టావా, ఇక ఆ మనిషి లోపలికి రాడు, గడప బయటే నిలబడి మాట్లాడిపోతాడు. ఇస్తారి గయ్యాళి పెండ్లం వేషానికి నడక మేనత్త దుర్గమ్మది, పిక్కల్లో బలమంతా పెట్టి నేలను తన్నుతున్నట్టు నడిచేది ఆమె. చేతులు శామీర్‌పేట సంతలో తమలపాకులమ్మే ఒకామెవి, ఎంత కోపంగా అరుస్తున్నా వేళ్ళు మాత్రం ఆకులు ఎంచుతూనే ఉండేవి. మొద్దు మొగుడు సిద్దయ్య. వాడు ఎవరి దగ్గరా ఏమీ దొంగిలించలేదు, వాడికి అవసరమే లేదు, సోమరితనమూ మతిమరుపూ వాడి సొంతమే. పోట్లాట మధ్యలో చెప్పాల్సిన మాట మర్చిపోయి నవ్వొచ్చేసేది వాడికి, నవ్వు కనపడకుండా రుమాలు కొంగు నోట్లో కుక్కుకునేవాడు, అది చూసి జనం ఇంకా నవ్వేవాళ్ళు. రంగు కడుక్కున్నాక కూడా ఆ పెండ్లామూ మొగుడూ పూర్తిగా వెళ్ళిపోయేవాళ్ళు కాదు. పొయ్యి దగ్గర ఇస్తారే, వడ్డన ఇస్తారే, ఇంకో రొట్టె తినరా అని గదమాయించేదీ ఇస్తారే. ఇస్తారి పెళ్ళి చేసుకోలేదేమిటని ఎవరన్నా అడిగితే సిద్దయ్య గట్టిగా నవ్వేవాడు, నాకున్న పెండ్లామే చాలదా, ఇంకా వదినె కూడానా అని.

ఎంత బాగుండేది అప్పుడు! బాగుందని తెలియకుండా బాగుండేది.

ఆ తర్వాత ఇదే ఊరి స్టేషన్లో, ఇదే మేడ్చల్‌లో, చిన్న రైలుబండి పట్నం లష్కర్ వైపు పోయే వేళకు, సిద్దయ్య తలరుమాలు విప్పి మూట మీద పెట్టాడు. "అన్నా, నాకు శాతగాదు ఇగ. మందంత నవ్వుతాంటే, గా మొగని సూసి నవ్వుతాండ్రా, నన్ను సూసి నవ్వుతాండ్రా, తెల్తలేదు నాకు." పట్నంలో బట్టల మిల్లు ఉందట, పని ఇస్తారట. అదేమిట్రా అనలేదు ఇస్తారి. చెయ్యి పట్టుకుని ఆపలేదు. గయ్యాళి పెండ్లమైతే ఆపేది, జుట్టు పట్టుకుని బండిలోంచి దించేది, ఊరంతా వినపడేట్టు తిట్టేది. ఆ రోజు వేషంలో లేకపోవడం ఎంత పని చేసింది! రుమాలు లేని తలతో సిద్దయ్య కిటికీలోంచి ఏదో అన్నాడు, ఇంజను కూతలో వినపడలేదు.

ఏడాది చూసి మిల్లు గేటు దగ్గరికి పోయాడు. పోయి తిన్నగా అడిగాడా? ముందు గేటు మనిషిని బీడీకి నిప్పడిగాడు. తర్వాత మీదే ఊరన్నా అని అడిగాడు. ఎండల సంగతి మాట్లాడాడు. ఇక పోతున్నట్టు నాలుగడుగులు వేసి, అప్పుడే యాదికొచ్చినట్టు వెనక్కి తిరిగి, సిద్దయ్య అని ఒకాయన ఉన్నడా లోపట, అన్నాడు. గేటు మనిషి నవ్వాడు, ఎంతమంది సిద్దయ్యలో. మిల్లు కూతపెట్టింది, జనం బయటికొచ్చారు. ఇస్తారికి భయం లేదు, ముఖం చూడనక్కర్లేదు, నడక చాలు, వెయ్యిమందిలోనైనా ఆ సోమరి నడక తనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కాని అందరూ ఒకేలా నడిచారు. తలలు వంచుకుని, చేతులు వేలాడేసుకుని, వందలమంది ఒక్క మనిషి నడకే నడిచారు. ఒకడు తనను దాటుతూ ముఖం అటు తిప్పుకున్నట్టు అనిపించింది. అనిపించిందంతే. పిలుద్దామనుకున్నాడు. గొంతు ఆఖరున పెట్టాలని నేర్చుకున్నవాడికి ఆ రోజు గొంతు రానే లేదు.

పాట ఆగింది. మూట పట్టుకుని సగం లేచాడు. లేదు లేదు, ఇంకో పాట ఎత్తుకున్నారు. పిల్లలెవరో రాగం కంటే ముందు పరుగెడుతున్నారు, పెద్దల గొంతులు వాళ్ళను వెనక్కి లాగుతున్నాయి. ఎలీషమ్మ గొంతు ఏదో ఇందులో. మిషను బడి ఊడ్చే ఎలీషమ్మ, అటు చూస్తే కనపడే ఆ తడికల ఇల్లే ఆమెది, ఈ వేళప్పుడు గొళ్ళెం వేసి ఉంది, వాకిట్లో ముగ్గు లేదు గాని నీళ్ళు చల్లి శుభ్రంగా ఊడ్చి ఉంది. ఎవరో వస్తారని ఊడ్చినట్టు. ఎవరొస్తారో ఇస్తారికి తెలుసు. ఆ వచ్చేది ఈ మూటలో ఉంది.

మూటలోని ఆమె పుట్టింది రావల్కోల్‌లో. సిద్దయ్య పోయాక గయ్యాళి పెండ్లాన్ని ఒంటరిగా ఆడించాలని చూశాడు ఇస్తారి, లేని మొగుణ్ణి తిట్టుకుంటూ వీధంతా తిరిగాడు, ఎవరూ నవ్వలేదు. ఎలా నవ్వుతారు, ఒక చేత్తో చప్పట్లు కొడుతుంటే? ఒక అవ్వ అరుగు మీద నుంచి, "పెండ్లాం ఒచ్చింది గని, మొగడేడే?" అంది. వేళాకోళానికే అంది. దానికి దుర్గమ్మ గొంతుతో ఏదో గడుసుగా చెప్పాల్సింది. నోట్లోంచి మాత్రం, "గదే అవ్వా, నేను గూడ ఎతుకుతాన్న," అని నెమ్మదిగా వచ్చింది. అదెవరి గొంతో తనకే తెలియలేదు. అవ్వ పక్కకు జరిగి, అరుగు మీద దుమ్ము చేత్తో తుడిచి, "కూసో బిడ్డా," అంది. వేషగాణ్ణి కూర్చోమన్నవాళ్ళు అంతకు ముందెవరూ లేరు.

గొంతు ముందొచ్చేసింది, వరస తప్పింది, ఇక మిగతా మనిషిని వెనకనుంచి కట్టుకుంటూ రావాలి. రావల్కోల్ నుంచి మేడ్చల్ దాకా బాట పొడుగునా ఆమెను కట్టాడు. దుర్గమ్మ పిక్కలు పనికిరావు, వెతికే మనిషి నేలను తన్నదు, ఇంకా నడవాల్సింది ఎంతుందో తెలియదు కనుక కాళ్ళను దాచుకుని వాడుతుంది. చేతులు? చేతులు ఒక మూటను పట్టుకుంటాయి. మూటలో ఏముంటుంది? చాలా దూరం ఆలోచించాడు, అన్నం కాదు, బట్టలు కాదు. మొగుడు వదిలిపోయిన తలరుమాలు. అది తట్టగానే బాట మధ్యలో నిలబడిపోయాడు, అంత బాగా కుదిరింది, కుదిరినందుకు సంబరమూ అయింది, సిగ్గూ వేసింది. ఎలా అడుగుతుంది? తిన్నగా అడగదు. ముందు నీళ్ళడుగుతుంది, ఊరి సంగతి అడుగుతుంది, లేచి పోతూ పోతూ అప్పుడే యాదికొచ్చినట్టు అడుగుతుంది. అది ఎక్కడ నేర్చుకున్నాడో వేరే చెప్పాలా? అన్నీ వచ్చాయి, చూపొక్కటి రాలేదు. ఎంత చేసినా అవి వేషగాడి కళ్ళే, ఎదుటివాళ్ళు నమ్మారా లేదా అని ఎదుటివాళ్ళనే చూస్తున్నాయి.

చూపు మేడ్చల్ స్టేషన్లో దొరికింది. బండి వచ్చింది, అందరూ బండిని చూస్తున్నారు. కంచె పక్కన ఒకామె, చేతిలో గుడ్డ కట్టిన గిన్నె, బండిని చూడటం లేదు. దిగిన ప్రతి మనిషి భుజం మీదుగా వెనకెవరున్నారా అని చూస్తోంది. ఒక మనిషి ఆమెను పలకరించినట్టున్నాడు, జవాబు చెప్తూ కూడా అతని భుజం మీదుగానే చూసింది. దొరికింది! గిన్నె ఉంది కనుక పొరుగూరి నుంచి బండికి వచ్చిన మనిషి, ఈ ఊరిది కాదు అనుకున్నాడు. ముఖం సరిగా చూడలేదు, అతనికి ముఖంతో పనేముంది, కళ్ళు తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. నాయిన ఇంకో మాట కూడా చెప్పాడు కదా, ఏ ఊరి మనిషిని ఆ ఊర్ల ఎయ్యొద్దురా అని. ఊరికే చెప్తాడా పెద్దమనిషి? నేనేమన్నా కావాలని చేశానా నాయినా, నాకు తెలుసా?

తెలిసింది, మిగతా వేషాలయ్యాక చీర కట్టి ఆ తడికల ఇంటి ముందు నిలబడితేనే.

"ఎవలమ్మా? ఏ ఊరు మీది?"

"దూరమక్కా. గిన్ని నీళ్ళు వోస్తవా?"

ఎలీషమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. కూర్చోమంది. ఈ ఊరు పెద్దదేనా అక్కా, బండ్లు మస్తు వస్తయా, అన్నాడు. అన్నీ వరసగా అడిగి, లేచి, కొంగు సర్దుకుని, ఇక పోతున్నట్టు తిరిగి, "గీ దిక్కు ఒక మనిషొచ్చిండా అక్కా, తలకు రుమాలు లేకుంట? మా ఇంటాయన," అన్నాడు. అని, నేర్చుకున్నట్టే ఆమె భుజం మీదుగా చూశాడు. సరిగ్గా అప్పుడే ఆమె అతని భుజం మీదుగా బాటకేసి చూసింది. రెండు చూపులూ ఒకదాన్నొకటి దాటి చెరో వైపు పోయాయి. అవే కళ్ళు. దొంగసొత్తును సొంతదారు ఇంటికే తెచ్చి పెట్టాడు. వెంటనే పారిపోవాల్సింది. ఆమె, "ఎన్నేండ్లాయె సెల్లె?" అంది. ఇస్తారి అబద్ధం చెప్పలేదు. "రెండేండ్లక్కా."

"నాకు నాలుగు," అందామె. "లడాయికి పోయిండు మా ఆయన. లష్కర్ల తెల్లోల్ల పటాలముండె గద, అండ్ల వంటకు. లడాయి అయిపోయిందంటరు, పోయినోల్లు పోంగ మిగిలినోల్లు వచ్చిండ్రు. గీయన పోయినోల్లల్ల లేడు, వచ్చినోల్లల్ల లేడు." ఆ మాట కొన్నాళ్ళుగా ఎవరికీ చెప్పనట్టు చెప్పింది. జొన్నరొట్టె పెట్టింది, పచ్చిపులుసు పోసింది. ఇస్తారి తిన్నాడు. తినకుండా లేవొచ్చు, లేవలేదు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని, ఇంకో రొట్టె తిను అని గదమాయించి రెండేళ్ళయింది.

మర్నాడు వేషం మార్చాలి, రోజుకో వేషం కదా. మార్చలేదు. మళ్ళీ చీరే కట్టాడు. తక్కిన ఊళ్ళో ఎవరేమనుకున్నారో తెలియదు, ఆ పూట ఒక్క గడపకే పోయాడు. మూడోనాడూ అంతే. వరసలన్నీ తప్పాడు, నియమాలన్నీ తప్పాడు, అక్కా అనడం నోటికి అంత తీపిగా ఉంటుందని ఎవరికి తెలుసు! ఆ మూడోనాడే ఎలీషమ్మ చాటలో జొన్నలు చెరుగుతూ చెరుగుతూ ఆపి, గొంతు తగ్గించి, "నీకొక్క మాట సెప్త సెల్లె, ఎవలికి సెప్పలే, పాదిరయ్యకు గూడ సెప్పలే," అంది. "మా అబ్రహాం మొఖం నాకు యాదికొస్తలేదు. ఫోటువ లేదు. కండ్లు మూస్కుంటె బట్టలు గనపడ్తయి, మొఖం ఉండాల్సిన జాగల ఏం లేదు. మొఖమే మర్సినదాన్ని, ఒస్తే ఎట్ల గుర్తువడ్త? ఎదురు సూస్తాన్న అని మందంత అనుకుంటాండ్రు. ఎవని కోసం సూస్తాన్ననో నాకే తెల్వది." ఏడవలేదు. ఏడిస్తే ఇస్తారి ఏదో ఒకటి అనేవాడు. "నీకు యాదుందా మీ ఆయన మొఖం?" అని అడిగింది.

"నడక యాదుందక్కా," అన్నాడు.

ఆమె తల ఊపింది, ఊపి, చాట పక్కన పెట్టి లేచింది. "గా మాటకొస్తే గీయన నడక నాకు గూడ యాదుంది. ఒక కాలు జర ఈడుస్తుండె, గిట్ల." చేతులు వెనక్కి కట్టుకుని, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది, తిరిగి వచ్చేటప్పుడు నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. అచ్చం సిద్దయ్యలా. ఆ నడక ఇస్తారి కాళ్ళలోకి అప్పుడే దిగిపోయింది, అతను పిలవలేదు, దానంతటదే వచ్చి కూర్చుంది. ఇప్పుడు లేచి ఆ బాట మీద నాలుగడుగులు వేస్తే అబ్రహాం మేడ్చల్‌కు తిరిగొచ్చినట్టే. ఈ ఆలోచన వచ్చినందుకు చెంపలు వేసుకున్నాడు, అయినా అది పూర్తిగా పోలేదు, బావికి పోతుంటే ఎడమ కాలు ఈడ్చబోయింది, రాయి తన్నుకున్నట్టు ఆగి సరిచేసుకున్నాడు. ఆ వేషం ఈ జన్మలో కట్టడు. కొన్ని చేతనైనా చెయ్యకూడదు.

పోయేటప్పుడు ఎలీషమ్మ గడప దాకా వచ్చింది. "ఐతారం ప్రార్థన అయినంక రా సెల్లె. నీ చీర సూడు, ఎట్ల సినిగిందో. నా తాన ఒకటుంది, మా ఆయన మొదటి జీతంల లష్కర్ నుంచి తెచ్చిండు. ఆయనొచ్చినంక కట్టుకుందామని మడత ఇప్పలే. నువ్వు కట్టుకో. ఉంటే గీడనే ఉండు, ఇద్దరం కల్సే ఎతుకుదాం." వస్తనక్కా, అన్నాడు ఇస్తారి. అతనన్నాడా, ఆ వేషంలోని ఆమె అందా? ఎవరంటేనేం, ఆదివారం వచ్చేసింది, ఆదివారమే ఆఖరి రోజు.

ఇప్పటికీ దారులున్నాయి. శామీర్‌పేట బాట అదుగో, లేచి నడిస్తే ఎండ ముదిరేలోగా చెరువు కట్ట ఎక్కొచ్చు, ఒక్క గడప తిరగకపోతే అడిగేవాడెవడు, నాయిన చచ్చిపోయాడు, తమ్ముడు పోయాడు. ఆమె ఎదురుచూసి ఎదురుచూసి, చెల్లెకు మొగుడు దొరికినట్టున్నాడు అనుకుంటుంది. లేదా, ఎదురుచూసే జాబితాలో ఇంకో మనిషిని చేర్చుకుంటుంది. అది దగా. ఇంకో దారి, చర్చి గోడ వెనక్కి పోయి చీర కట్టుకోవడం. సవరం ఉంది, పసుపు చెవుల వెనక ఎలాగూ ఉంది. పోయి, అక్కా వచ్చిన అనడం. ఆ ఇంట్లో ఒక మూల చాప, రెండు పూటలా ఎదురుగా ఒక మనిషి, సాయంత్రం బండికి ఇద్దరూ కలిసి స్టేషన్‌కు పోవడం. పిచ్చి ముదిరిందా నీకు? ముదిరింది. ఒంటరిగా ఉంది నాయినా, చాలా ఒంటరిగా ఉంది, ఎన్ని వేషాలు కట్టినా కడుక్కున్నాక ఎవరూ ఉండటం లేదు, అందుకే విప్పబుద్ధి కావడం లేదు, ఇదీ నిజం. ఆ ఇంట్లో పిలిచింది నన్ను కాదని తెలుసు. అయినా తిన్నది నేనే కదా, అక్కా అన్నది నేనే కదా.

గంట కొట్టాడు యేసయ్య.

తెల్ల బట్టల జనం బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఎలీషమ్మ అందరిలో ముందొచ్చింది. ఎవరితోనూ నిలబడలేదు, ఎదురైనవాళ్ళ భుజాల మీదుగా బాటను చూస్తూ, వేపచెట్టు కింద ఇస్తారిని దాటుకుంటూ, గాలి తగిలేంత దగ్గరగా దాటుకుంటూ పోయింది. అతన్ని చూడలేదు. గొళ్ళెం తీసింది, లోపలికి పోయి మళ్ళీ గడపలోకి వచ్చి నిలబడింది. అన్నం వాసన వచ్చింది. వరి అన్నం వండింది, జొన్న కాదు. ఇస్తారి జోలె భుజాన వేసుకుని, మూట చేత పట్టుకుని వెళ్ళాడు.

"దండాలమ్మా. పగటి వేషగాన్ని. ఊరిడిసి పోతాన్న."

"ఔనా అయ్యా," అంది, బాట చూస్తూనే.

"పోయిన వారం వచ్చిన ఫకీరును నేనే తల్లీ. సోది సెప్పినామెను నేనే. గిర్దావరును నేనే."

"మా యేసయ్యన్నను వనికిచ్చింది నువ్వేనా?" చిన్నగా నవ్వింది. "ఆగు, జొన్నలు తెస్త." రెండడుగులు వేసి ఆగి, అప్పుడే యాదికొచ్చినట్టు వెనక్కి తిరిగింది. "ఊర్లు తిరిగెటోనివి గద, తొవ్వల ఒకామె గనపడ్డదా? చేతుల మూట ఉంటది, మొగని రుమాలుంటది అండ్ల. ఇయ్యాల వస్తనన్నది. బువ్వ వండి పెట్టిన."

సొంత గొంతులో ఇస్తారికి ఒక్క మాట దొరకలేదు. వెతికాడు. మిల్లు గేటు దగ్గర లేనట్టే ఇక్కడా లేదు. ఉన్న గొంతు ఒక్కటే, అది రావల్కోల్‌లో అడగకుండా వచ్చిన గొంతు, అదే ముందుకొచ్చింది.

"అక్కా, నేనే."

ఎలీషమ్మ మొదటిసారి అతని భుజం మీదుగా కాక అతన్ని చూసింది. మూట చూసింది. మళ్ళీ ముఖం, చెవుల వెనక పసుపు. చెయ్యి కొంగు మీదికి పోయి, కొంగును మెడ దాకా లాక్కుంది. గడప మీద నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆడిదానివనుకుంటి," అంది. "ఎవలికి సెప్పనిది నీకు సెప్పుకుంటి గద." కోపమున్నా బాగుండేది, ఆ గొంతులో సిగ్గు తప్ప ఏమీ లేదు. ఆ సిగ్గు పెట్టింది తనే. తప్పైంది అనాలి, అనడానికి వేషగాడికి హక్కు లేదు, వేషం తప్పెప్పుడవుతుంది, విప్పకపోతేనే కదా. విప్పాను కదా నాయినా. విప్పితే ఇలా ఉంటుందని ఎందుకు చెప్పలేదు? తల వంచుకుని నిలబడ్డాడు. జోలె చాపలేదు.

ఆమె మళ్ళీ మూట వైపు చూసి, "గా రుమాలన్న నిజమేనా?" అని అడిగింది. "ఎవలిది?"

"మా తమ్మునిది." ఈసారి గొంతు తనదే. "రెండేండ్లాయె."

"దొరుకలేదా?"

"లేదమ్మా."

ఆమె లోపలికి పోయింది. పెట్టె మూత చప్పుడైంది. జొన్నలు తేలేదు, అన్నానికి రమ్మనలేదు. చీర తెచ్చింది, మడత విప్పని చీర, ఆకుపచ్చ అంచు, మడతల్లో వేపాకు ఎండి పొడి పొడిగా రాలుతోంది. జోలెలో వెయ్యలేదు. మూట వైపు చెయ్యి చూపి, విప్పమంది. ఇస్తారి గడప ముందు గొంతుక్కూర్చుని ముడి విప్పాడు. ఎలీషమ్మ వంగి, సిద్దయ్య తలరుమాలు పక్కకు జరిపి, దాని పక్కన చీర పెట్టింది.

"గిది ఆమెకు," అంది. "నీకు గాదు."

"ఇస్తనక్కా," అన్నాడు ఇస్తారి, సొంత గొంతుతోనే. ఆమె తలుపు దగ్గరికి వేసుకున్నాక మూట ముడి వేసుకుని శామీర్‌పేట బాట పట్టాడు.